ఎముక బయటికి వచ్చిందా అని అడిగారు

జరిగినదాన్ని జరిగిన వరసలో రాయడం నాకు పాలిటెక్నిక్‌లో నేర్పారు. యంత్రం ఆగితే ముందు ఏది విరిగింది, దాని వల్ల తర్వాత ఏది విరిగింది, ఎవరు చూశారు, ఎవరు చూడలేదు, ఈ నాలుగూ రాసుకోకుండా ఒక్క మర కూడా విప్పకూడదు అనేవారు మా లెక్చరర్. నా కుడికాలి విషయంలో ఈ నాలుగూ రాయడానికి నేను తప్ప ఎవరూ లేరు. మిగతావాళ్ళందరి దగ్గరా ఒక కథ సిద్ధంగా ఉంది. ఆ కథలో ఒక మంచివాడున్నాడు, ఒక దేవుడున్నాడు, నా తలరాత ఉంది. లారీ మాత్రం లేదు.

రోజూ సైకిల్ తొక్కి పనికి పోయేవాళ్ళు ఇది చదవాలి. లారీ తోలేవాళ్ళు చదివితే ఇంకా మంచిది. చదవడం రాని డ్రైవరుకు క్లీనరైనా చదివి వినిపించాలి.

జూన్, కాయ కోతల కాలం

మా ఊరు వడమాలపేట దగ్గర. నేను పనిచేసే నూలు మిల్లు పుత్తూరు అవతల. డిప్లొమా అయిన వెంటనే మెయింటెనెన్సులో ట్రైనీగా చేరాను. రోజంతా షెడ్డులో యంత్రాల మధ్య నిలబడి తిరిగే పని. కాళ్ళుంటేనే ఆ పని. బస్సు వేళలు షిఫ్టుకు కుదరవు కాబట్టి సైకిల్.

ఆ రోడ్డులో సైకిల్ వాడికి ఒక అలవాటు పుట్టుకతో వస్తుంది. ఎదురుగా పెద్ద బండి కనబడితే తారు దిగి మట్టిలోకి పోవడం. ఎవరూ నేర్పరు. తారు వాళ్ళది, మట్టి మనది, అంతే. ఆ ఉదయం ఎదురుగా పుత్తూరు నుంచి బస్సు వస్తోంది. దాని వెనక ఖాళీ లారీ, బస్సును దాటాలని పక్కకు తీసింది. నేను అలవాటు ప్రకారం దిగాను. పూర్తిగా మట్టిలోనే ఉన్నాను. లారీకి తారు చాలలేదు. మట్టిలోకి వచ్చింది.

శబ్దం నాకు గుర్తు లేదు. బస్సు ఆగలేదన్నది గుర్తుంది. కిటికీల్లోంచి వెనక్కి తిరిగిన తలలు గుర్తున్నాయి. ఆ తర్వాత నా కుడికాలు. పాదానికి జానెడు పైన, చర్మంలోంచి తెల్లగా ఒక కొస బయటికి వచ్చి ఉంది. దాన్ని చూసి నాకు మొదట వచ్చిన ఆలోచన, ఇది నాది కాదు, సైకిల్‌ది ఏదో ముక్క అని.

డ్రైవరు దిగి పరుగెత్తుకొచ్చాడు. మునిరత్నం. మాకు తెలిసినవాడే. మా మామిడితోట కాయ కొనే మండీ సావుకారి లారీ అది. ఆ రోజు మా తోటకే లోడుకు వస్తోంది.

"అయ్యో దామూ, నువ్వా అబ్బోడా! సూడలేదప్పా, బస్సోడు దావ ఇయ్యలేదు," అన్నాడు. అంటూనే నా మడమ పట్టుకుని కాలు తిన్నగా లాగాడు. తెల్లటి కొస లోపలికి పోయింది. నేను అరిచాను. క్లీనరు పక్కనున్న టీ బంకులో కాఫీపొడి తెచ్చాడు. మునిరత్నం దాన్ని గాయం మీద దట్టించి, తన తువ్వాలుతో బిగించి కట్టాడు. నన్ను పసిబిడ్డ మాదిరి ఎత్తి క్యాబిన్‌లో పడుకోబెట్టాడు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పుత్తూరు ఆసుపత్రి దగ్గర. మా ఊరు దూరం. లారీ మా ఊరికి పోయింది.

"ఆసుపత్రికి పోదాం అన్నా," అన్నాను.

"పోదాం పోదాం. మీ నాయనకు సెప్పకుండా ఎట్లా పోయేది? రేపు నన్ను అడగడా?"

ఇంటి ముందు లారీ ఆగగానే ఊరు చేరింది. మునిరత్నం అందరి ముందూ మా నాయన కాళ్ళు పట్టుకున్నాడు. "నాదే తప్పు పెద్దాయనా, నన్ను కొట్టు," అన్నాడు. మా నాయన కొట్టలేదు. మా వైపు రోడ్డు మీద మనిషిని కొట్టి ఆగే డ్రైవరును ఎవరూ చూసి ఉండరు. ఆగడమే కాక ఎత్తుకుని ఇంటికి తెచ్చినవాడు దేవుడి కింద లెక్క. "వేరేవాడైతే తొక్కేసి పోయుండును," అని మా అమ్మ ఏడుస్తూనే దణ్ణం పెట్టింది. నాకు కాదు, అతనికి.

అప్పుడు మునిరత్నం మెల్లగా అన్నాడు. "పెద్దాసుపత్రికి పోతే పోలీసులొస్తారు పెద్దాయనా. లారీని స్టేషన్లో నిలబెడతారు. మీ కాయ సెట్టు మీదే పండి రాలిపోతాది. అయినా ఎముకకు ఆసుపత్రి ఏమి సేస్తాది? కట్టు కట్టిస్తే పోలా? నేనే తోడ్కోని పోతా."

మా జిల్లాలో ఎముక విరిగితే నాటు కట్టే దారి. పక్క రాష్ట్రం నుంచి కూడా కట్టు కోసం మనుషులు వస్తారు. నేను దాన్ని తప్పు పట్టడం లేదు. మా మేనత్త చెయ్యి కట్టుతోనే అతికింది, ఇప్పుడు ఆ చేత్తోనే పిండి రుబ్బుతుంది. కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అదే లారీలో కార్వేటినగరం వైపు ఒక ఊళ్ళో కట్టు కట్టే పెద్దాయన దగ్గరికి పోయాం.

అక్కడ వరండాలో మాకు ముందు చాలామంది కూర్చుని ఉన్నారు. బండి మీద నుంచి పడినవాళ్ళు, ఎద్దు తన్నినవాళ్ళు, చెట్టు మీద నుంచి జారినవాళ్ళు. నా పెదాలు తెల్లబడ్డాయని ఒక ముసలమ్మ తన వంతు నాకిచ్చింది. ఆమె మణికట్టు బూరెలా వాచి ఉంది. ఆమె పేరు అడగలేదు. ఆ రోజు నాకు జరిగిన మేలు అదొక్కటే.

పెద్దాయన నెమ్మదస్తుడు. తువ్వాలు విప్పాడు. కాఫీపొడి గట్టిపడి ఉంది. వేలితో చుట్టూ నొక్కి చూశాడు. తల ఎత్తి ఒకే ఒక ప్రశ్న అడిగాడు.

"ఈ గాయం బయట నుంచి తగిలిందా, ఎముక లోపలి నుంచి బయటికి వచ్చిందా? నిజం సెప్పండి. బయటికి వచ్చిందైతే నేను కట్టను. అది డాక్టర్ల పని."

"పెడల్ గీరుకుంది సామీ, అంతే," అన్నాడు మునిరత్నం.

"వచ్చింది. నేను చూశాను. తెల్లగా వచ్చింది," అన్నాను.

మునిరత్నం నా తల నిమిరాడు. "నొప్పికి ఏమేమో అంటుండాడు పాపం. దావంతా ఇంతే. సైకిల్ కడ్డీని సూసి ఎముక అనుకున్నాడు."

పెద్దాయన మా నాయన వైపు చూశాడు. మా నాయన మునిరత్నం వైపు చూశాడు.

"నువ్వు గమ్మునుండరా," అన్నాడు నాయన నాతో. "పెద్దోళ్ళు మాట్లాడతా ఉంటే."

ఎముకను చూసినవాళ్ళు ఇద్దరం. ఒకడి మాట వయసు వల్ల నెగ్గింది, ఇంకొకడి మాట నొప్పి వల్ల ఓడింది. పెద్దాయన ఆకు పసరు, గుడ్డు సొన కలిపి పట్టించి, వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుట్టాడు. చివర్లో అందరికీ చెప్పేదే మాకూ చెప్పాడు. "నేను రమ్మన్న దినానికి ముందు కట్టు విప్పగూడదు. ఎవరు సెప్పినా విప్పగూడదు."

జూన్ చివర

మా అమ్మ మాట నిలబెట్టుకునే మనిషి. పులుపు పెట్టొద్దన్నారు, పెట్టలేదు. వంకాయ వద్దన్నారు, ఆ వాసన కూడా ఇంట్లోకి రానివ్వలేదు. కట్టు విప్పొద్దన్నారు. నా మీద కాపలా కూర్చుంది.

మొదట జ్వరం వచ్చింది. "ఎముక అతుక్కునేటప్పుడు కాక పుడతాది," అంది పక్కింటామె. అందరూ ఒప్పుకున్నారు. తర్వాత కాలిలో కొట్టుకోవడం మొదలైంది. గుండె కాలిలోకి దిగి కూర్చున్నట్టు. బొటనవేలు నల్లబడింది. పసరు రంగు అన్నారు. తర్వాత వాసన.

"గుడ్డు సొన గదా, వాసన రాకుండా ఉంటాదా," అంది అమ్మ. పొద్దున సాయంత్రం సాంబ్రాణి వేసింది. ఆ పొగలో నేను దగ్గుతూ పడుకునేవాడిని. నన్ను చూడటానికి వచ్చినవాళ్ళు తలుపు దగ్గరే నిలబడి పలకరించి పోయేవారు. ఒకాయన ముక్కు మూసుకుని, "బాగైపోతాదిలే అబ్బోడా," అన్నాడు. ముక్కు మూసుకుని చెప్పిన ఆ ఓదార్పు గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది.

"విప్పి చూడమ్మా. ఒక్కసారి చూసి మళ్ళీ కట్టు," అని బతిమాలాను.

"విప్పి ఎముక పక్కకు పోతే? కుంటోడివైతే పిల్లనెవడిస్తాడురా నీకు?"

నాయన ఇంట్లో లేడు. తోటలో కాయ కోత. అదే లారీ, అదే డ్రైవరు. సాయంత్రాలు మునిరత్నం మా ఇంటికొచ్చి నా మంచం పక్కన కూర్చునేవాడు. ఒక రోజు నా సైకిల్ తెచ్చాడు. ముందు చక్రానికి కొత్త రిమ్ము, కొత్త మడ్‌గార్డు, వంగిన ఫోర్కు తిన్నగా చేయించి, రంగు కూడా వేయించాడు. ఊరంతా వచ్చి చూసింది. బెల్ కొట్టి చూశారు. "ఎంత మంచోడబ్బా," అన్నారు.

సైకిల్ నాకంటే ముందు బాగైంది.

నా కట్టు మీద ఈగలు వాలుతుంటే మునిరత్నమే తువ్వాలుతో తోలాడు. నా కళ్ళలోకి మాత్రం చూడలేదు. ఒకసారి అడిగాను.

"అన్నా, నువ్వైనా సెప్పు. విప్పమను. నీ మాటైతే ఇంటారు."

"తొందరపడగూడదు అబ్బోడా," అన్నాడు. "ఇంకా రెండు లోడ్లు ఉండాయి. అయిపోనీ. నేనే తోడ్కోని పోతా."

లోడ్లకూ నా కాలికీ సంబంధమేమిటని అప్పుడు నాకు తట్టలేదు. జ్వరం. తర్వాత తట్టింది.

కట్టు విప్పింది మా అమ్మ కాదు, నాయన కాదు. ఒక ఉదయం గుడ్డ అంచులోంచి పురుగు బయటికొచ్చి దుప్పటి మీద పాకింది. అమ్మ దాన్ని చూసింది. కొడవలి తెచ్చి గుడ్డ కోసింది. కోసి, ఒక్క చూపు చూసి, పెరట్లోకి పోయి వాంతి చేసుకుంది.

జూలై

తిరుపతి పెద్దాసుపత్రికి ఎడ్లబండిలో రోడ్డుదాకా, అక్కడి నుంచి బస్సులో పోయాం. లారీ ముందు రోజే మద్రాసుకు పోయింది. బస్సులో నా చుట్టూ మూడు వరసలు ఖాళీ అయ్యాయి. కండక్టరు డబ్బులు తీసుకుని, చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు.

ఆసుపత్రి వరండాలో తిరుమల నుంచి దిగిన యాత్రికులు, కొండ బస్సుల్లో వాంతులైనవాళ్ళు, గుండ్లు గీయించుకున్న పిల్లలు. గంధం వాసన, ఫినాయిలు వాసన, నా వాసన. చీటీ రాసేచోట ఎలా జరిగిందని అడిగితే నాయన, "మామిడిసెట్టు మీద నుంచి పడినాడు," అన్నాడు. నేను "లారీ" అన్నాను. అడిగినాయన నా నుదురు తాకి చూసి, నాయన చెప్పిందే నమ్మాడు. జ్వరం వచ్చినవాడి మాట ఎక్కడా చెల్లదు.

డాక్టరు నడివయసు మనిషి. కాలు చూశాడు, మా నాయనను చూశాడు.

"ఎముక బయటికొచ్చిన కాలిని ఇన్నాళ్ళు మూసిపెట్టారా?"

"గీరుకునిందన్నారు సార్."

"ఎవరన్నారు?"

నాయన దుప్పటి లాగి నా కాలు కప్పాడు.

"మోకాలి కింద తీసేయాలి. రేపు. ఆలస్యమైతే మోకాలి పైన. ఇంకా ఆలస్యమైతే నాతో పనిలేదు."

నేను ఏడవలేదు. నాకు లెక్కలు మొదలయ్యాయి. షెడ్డులో మెట్లు. బేరింగు మార్చేటప్పుడు ఒక కాలు యంత్రం మీద, ఒక కాలు నేల మీద పెట్టి బిగించాలి. పెడల్. క్యూ. బావి గట్టు. మరుగుదొడ్డి. ఒక్కొక్క పని ముందూ కుడికాలిని తీసి చూసుకున్నాను. చాలా పనులు నిలబడలేదు.

పక్క మంచంలో తుంటి విరిగిన బస్సు కండక్టరు ఉన్నాడు. నాకంటే ముందు నుంచీ ఉన్నాడు కాబట్టి వార్డుకు పెద్ద. నా ముఖం చూసి అన్నాడు, "బాధపడొద్దప్పా. ఒక కాలు తగ్గిందని బస్సులో నీకేమీ అర టికెట్టు ఇయ్యరు. ముందే సెప్తా ఉండా, రేపు నాతో గలాటా పెట్టుకోవద్దు." వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వితే కాలు కదిలి ప్రాణం పోయినంత పనైంది. మళ్ళీ నవ్వు వచ్చింది. చాలా రోజుల తర్వాత నన్ను చూసి ముక్కు మూసుకోని మనిషి అతనే.

నాయన సంతకం పెట్టలేదు. పెద్దనాయనను అడగాలన్నాడు, ఊరి పెద్దలను అడగాలన్నాడు. సాయంత్రం దాకా వరండాలో తిరిగాడు. అమ్మ నా పక్కన నేల మీద కూర్చుంది. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. మంచినీళ్ళ చెంబు కావాలన్నా నాతో చెప్పించుకున్నారు.

దీపాలు పెట్టే వేళకు మునిరత్నం వచ్చాడు. మద్రాసు నుంచి వస్తూ మా ఊళ్ళో సంగతి విని, కొండకు పోయొచ్చాడట. నున్నగా గుండు, దాని మీద గంధం. చేతిలో లడ్డు ప్రసాదం. మంచం పక్కన నిలబడి ఏడ్చాడు. నటన కాదు. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి.

"కోయించొద్దు పెద్దాయనా," అన్నాడు. "ఈ డాక్టర్లకు కోయడం తప్ప ఏమొస్తాది? అరవదేశంలో ఇంకొక కట్టు కట్టే ఆయన ఉండాడంట. కుళ్ళిన కాలు కూడా బాగు సేస్తాడంట. బండి తెచ్చినా. రాత్రికి రాత్రే పోదాం."

నాయన ముఖం వెలిగింది. ఆయన ఒప్పుకుంటాడు. మళ్ళీ ఆ లారీ, ఆ క్యాబిన్. ఈసారి తిరిగి వచ్చేది ఉండదు.

అమ్మ ప్రసాదం రెండు చేతులా అందుకుంది. "ఎప్పుడు మొక్కుకున్నావు నాయనా గుండు?"

"ఆ దినమేనమ్మా. కట్టు కట్టించి, అబ్బోడిని ఇంట్లో దించి పోయిన దినమే. పిల్లోడి ప్రాణం నిలబెట్టు సామీ, తల నీలాలు ఇస్తా అని మొక్కినా. ఇంకా ప్రాణం ఉండాది గదా, అందుకే మొక్కు తీర్చేసినా."

నేను మాట్లాడాను. అరవలేదు. అరిచే బలం లేదు.

"మునిరత్నమన్నా, ఆ రోజు నాకు జ్వరం లేదు. వాసన లేదు. కాలు గీరుకుంది అంతే గదా?"

"అవును..."

"గీరుకున్న కాలికి ప్రాణం మొక్కు ఎందుకు మొక్కినావు?"

కండక్టరు తల తిప్పి చూశాడు. మునిరత్నం గుండు తడుముకున్నాడు. తర్వాత మాట్లాడాడు. నాతో కాదు, నేలతో.

"సూసినా. వచ్చిండింది. నేనే లోపలికి తోసినా. ఏమి సెయ్యమంటావు? లారీ నాదా? లైసెన్సు పోతే నా పిల్లోళ్ళకు ఎవుడు పెడతాడు? కట్టుతో బాగైపోతాది అనుకున్నా." ఉన్నట్టుండి మా నాయన వైపు తిరిగాడు. "నన్నొక్కడినే ఏల అట్లా సూస్తావు పెద్దాయనా? లారీ స్టేషన్లో ఉండుంటే నీ కాయ ఎవుడెత్తుండును? నీకు తెలీదా? పిల్లోడు ఆడ మొత్తుకుంటా ఉంటే గమ్మునుండమని అనింది నువ్వు గదా."

నాయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన వీపు మాత్రం కనబడింది నాకు. ఆ వీపు ఒప్పుకుంది.

అమ్మ లేచింది. ప్రసాదాన్ని కళ్ళకద్దుకుంది. తర్వాత మునిరత్నం చెయ్యి పట్టుకుని, అరచేయి తెరిపించి, అందులో పెట్టి, వేళ్ళు మూసింది.

"దేవుడిది పారేయగూడదు. ఇది నువ్వు అడిగింది, నీకు దొరికింది. మీ ఇంట్లో పంచుకో. ఈడ మాకు అడిగింది దొరకలేదు."

అతను కదలలేదు.

"పో అబ్బా. నా కొడుకు నీ బండి ఎక్కడు."

ఆ తర్వాత నాయన దగ్గరికి పోయింది. అప్పటిదాకా ఆయనతో మాట్లాడని మనిషి, ఊరి వరసలో "ఏమయ్యో" అని కూడా అనకుండా, చొక్కా పట్టుకుని డాక్టరు గది దాకా తీసుకుపోయింది.

మరుసటి రోజు కాలు తీసేశారు. మోకాలు మిగిలింది. డాక్టరు దాన్ని అదృష్టం అన్నాడు. లేని పాదంలో బొటనవేలు దురద పెట్టేది. గోకడానికి చెయ్యి పోయేది. చేతికి పరుపు తగిలేది. ఇది చాలాకాలం ఉంటుందని ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు పిచ్చి పట్టిందని భయపడేవాడిని కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పిచ్చి కాదు. ఉంటుంది.

ఆగస్టు

అమ్మ పోరు పడలేక నాయన స్టేషనుకు పోయాడు. కాయ అప్పటికి అమ్ముడైపోయింది. ఆయన తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని, జరిగింది చెప్పాడు. అక్కడ నవ్వలేదట, కోప్పడలేదట. సైకిల్ సూపించు అన్నారట. చూపించాడు.

"ఇది కొత్తదాని మాదిరి ఉండాదే," అన్నారట. "దీన్ని లారీ గుద్దిందా?"

సాక్షి ఎవరు అంటే బస్సులో తలలు. గాయం ఎప్పుడు ఎవరు చూశారంటే కాఫీపొడి. ఆసుపత్రిలో ఏమి చెప్పారంటే మామిడిచెట్టు.

ఊళ్ళో పెద్దలు మమ్మల్నే తప్పు పట్టారు. "ఆగినోడి మీద కేసు పెడితే రేపు ఎవుడాగుతాడు?" అన్నారు. ఈ మాట నేను చాలా రోజులు ఆలోచించాను. తేలికగా కొట్టెయ్యదగ్గ మాట కాదు. కానీ మునిరత్నం ఆగింది నా కోసమా, కేసు కోసమా? పారిపోయి ఉంటే ఏమయ్యేది? ఎవరో ఒకరు నన్ను పుత్తూరులో పడేసేవారు. గాయం కడిగేవారు. పారిపోయిన డ్రైవరు నా కాలు విరగ్గొట్టి పోయేవాడు. ఆగిన డ్రైవరు దాన్ని తీసుకుపోయాడు.

కాబట్టి బండి తోలేవాళ్ళకు నేను చెప్పేది ఇది. ఆగడం బాధ్యతలో సగం కూడా కాదు. కాళ్ళు పట్టుకోవడం, ఈగలు తోలడం, రిమ్ము మార్చడం, గుండు, ఇవేవీ బాధ్యత కాదు. దగ్గరున్న ఆసుపత్రికి తీసుకుపోవాలి, అక్కడ చూసింది చూసినట్టు చెప్పాలి. నువ్వు చెప్పే ఒక్క నిజం మీద డాక్టరు చెయ్యి ఎటు పోతుందో ఆధారపడి ఉంటుంది. దారి లేని చోట ముందుబండిని దాటకు. మట్టిలో ఉన్నవాడు నీకు దారి ఇచ్చి మట్టిలోకి పోయాడు, అక్కడికీ రాకు.

ఇంట్లోవాళ్ళకు చెప్పేది: దెబ్బ తగిలినవాడు ఏదైనా చెబితే వినండి. ఆ కాలు వాడిది. కట్టు కట్టించుకోండి, కానీ తోలు తెగి ఎముక కనబడితే కట్టు కాదు, ఆసుపత్రి. కట్టే పెద్దాయన కూడా అదే అన్నాడు. కాలు తీసేశారని నాయన పోయి చెప్పినప్పుడు ఆయన లోపలికి రమ్మనలేదట. "నేను అడిగినా గదా," అని మాత్రం అన్నాడట.

మరుసటి ఎండాకాలం

మద్రాసులో కొయ్యకాలు చేయించాం. మిల్లులో షెడ్డు పని పోయింది. స్టోర్సులో కూర్చోబెట్టారు. బేరింగులకు గ్రీజు కాగితం చుట్టే పని. నా కింద పనిచేసిన ఫిట్టరు వచ్చి, "సార్, ఆ సైజు తీసియ్యండి," అంటాడు. తీసిస్తాను.

మొదట బస్సులో పోయాను. నేను మెట్టు మీద ఒక కాలు పెట్టగానే డ్రైవరు బండి కదిలిస్తాడు. రెండోది కొయ్య అని అతనికి తెలియదు. చెప్పినా ఆగడు. రెండుసార్లు రోడ్డు మీద పడ్డాక బస్సు మానేశాను.

మిల్లులో పారేసిన బెల్టు ముక్కతో కుడి పెడల్‌కు పట్టీ చేసుకున్నాను. కొయ్యకాలిని దానికి బిగిస్తే ఎడమకాలితో తొక్కవచ్చు. ఆగాలంటే ఎడమకాలు నేలకు ఆనించవచ్చు. ఒక్కటే చేతకాదు. హారన్ వినగానే మట్టిలోకి దిగలేను. మట్టిలో చక్రం జారితే కాలు విడిపించుకోలేక సైకిల్‌తో సహా బోర్లా పడతాను. కాబట్టి తారు మీదే, అంచున, తిన్నగా పోతాను.

అమ్మ మొదటి రోజు గడప దగ్గర నిలబడింది. ఆపలేదు. "నిదానంగా పో," అంది. ఎవరితో చెప్పాల్సిన మాట ఎవరితో చెబుతోందో ఆమెకూ తెలుసు.

మునిరత్నం ఇప్పటికీ లారీ తోలుతున్నాడు. జుట్టు పెరిగింది. ఎదురైతే వేగం తగ్గించి తల వంచుకుని పోతాడు. నేనైతే చాలు, తగ్గిస్తాడు. వేరేవాళ్ళకు తగ్గించడం నేను చూడలేదు.

మొన్న సాయంత్రం పుత్తూరు నుంచి వస్తున్నాను. వెనక కాయ లోడు లారీ. కొత్త డ్రైవరు. హారన్ కొట్టాడు. నేను దిగలేదు. మళ్ళీ కొట్టాడు. ఎదురుగా వరసగా బండ్లు, దాటడానికి సందు లేదు. బ్రేకు కీచుమంది. తలకాయ బయట పెట్టి, "సావాలని ఉండాదా నీకు? సెవుడా?" అన్నాడు.

ఎడమకాలు ఆనించి ఆగాను. అతను తిడుతూ దిగి ముందుకొచ్చాడు. పట్టీ చూశాడు. పట్టీలోని కొయ్య చూశాడు. తిట్టు సగంలో ఆగింది.

"ఎట్లా పోయిందన్నా?"

"మీవోడే. మట్టిలోకి దిగినాను కాబట్టి పోయింది."

కాసేపు బుర్ర గోక్కున్నాడు. "అట్లయితే ఈ సైకిల్ ఎందుకన్నా నీకు? ఇంట్లో కూసోగూడదా?"

"నువ్వు ఎందుకు కూసోలేదు?"

అతను బండెక్కాడు. నేను తొక్కడం మొదలుపెట్టాను. ఎదురు బండ్లు తగ్గలేదు, అతనికి దారి దొరకలేదు. వడమాలపేట వచ్చేదాకా సైకిల్ వేగంతోనే నా వెనక వచ్చాడు. హారన్ మాత్రం ఆపలేదు.